అరబక్క మంగళవారం పరీక్ష

అరబక్క కొట్టులో మనకి నచ్చిన పుస్తకం కొనుక్కోవడం కుదరదు. ఆవిడ ఏదిస్తే అది పట్టుకుపోవాలి. డబ్బులిచ్చేది మనమే అయినా ఎంచేది ఆవిడే. మందుల షాపుకెళ్ళి, ఆ ఎర్రబిళ్ళ అందంగా ఉంది, అదివ్వండి అంటామా? ఇదీ అంతేనంటుంది.

కొట్టంటే పెద్దదేం కాదు. సముద్రపొడ్డున మా ఒగువా ఊళ్ళో, యూనివర్సిటీ పడమటి గేటు ఎదురుగా, నా జిరాక్స్ షాపుకి ఆనుకుని ఉన్న నీలం రంగు బడ్డీ. నెత్తిన పసుప్పచ్చ అక్షరాలతో "ఊపిరి పీల్చుకో" అని రాసుంటుంది. లోపల నేల నుంచి పైకప్పు దాకా ఒకటే రకం పుస్తకాలు. చదువుకునే పిల్లలు చదువులో మునిగి చచ్చిపోకుండా తిండీ, నిద్రా, ఆటా, నలుగురితో మాటా మిగుల్చుకోవడం ఎలాగో చెప్పేవి. "పుస్తకం మూయి, పళ్ళెం తెరువు", "నిద్రపోయి పాసవ్వండి", "మార్కులూ మనుషులూ". అలాంటివి. సగం పాతవే. చదివి బాగుపడ్డవాళ్ళు తిరిగిచ్చేస్తారు, బాగుపడనివాళ్ళు ఇంకోటి కొంటారు. అందుకే వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది.

ఒకసారి దెడే అనే పిల్ల వచ్చింది. ఆక్రా నుంచి వచ్చి ఇక్కడ డాక్టరీ చదువుతోంది. కళ్ళ కింద నల్లగా, చేతిలో నోట్సు, చెవి వెనక పెన్ను, జుట్టులో ఇంకో పెన్ను.

"ఇలా వెలుతుర్లోకి రా," అని అక్క ఆ పిల్ల గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆఖరిసారి కెంకే ఎప్పుడు తిన్నావు?" కెంకే అంటే పులిసిన మొక్కజొన్న పిండిని అరిటాకులో చుట్టి ఉడికించిన ముద్ద, మా ఊరి అన్నం.

"నిన్ననే తిన్నా ఆంటీ."

"కూర్చునే తిన్నావా?"

పిల్ల ఆలోచించింది. "నడుస్తూ."

"చేపతోనేనా?"

"ముళ్ళు తియ్యడానికి టైం పడుతుందని... గుడ్డుతో తిన్నా."

అక్క గోడ మీద దబదబా బాది నన్ను పిలిచింది. "ఒరేయ్ యూఫీ! విన్నావా? ఒగువాలో ఉండి, సముద్రం కనబడుతుండగా, గుడ్డుతో తిందట! బాగా ముదిరిందిరా ఈ కేసు!"

"ఆస్పత్రిలో చేర్చెయ్యి," అన్నాను.

"నువ్వు నోర్ముయ్యి," అని, నిచ్చెనెక్కి, ఒక పల్చటి పుస్తకం తీసి దెడే చేతిలో పెట్టింది. "మూడో చాప్టర్ దాటి చదవకు. దాటితే అదీ చదువైపోతుంది. వారం తర్వాత వచ్చి ఏ చేప తిన్నావో చెప్పు."

అక్క హస్తవాసి అలాంటిది. ఇన్నేళ్ళలో ఒక్క పిల్లకీ తప్పు పుస్తకం ఇవ్వగా చూళ్ళేదు. కానీ దీపం కింద చీకటన్నట్టు, ఈ ఒగువా మొత్తం మీద ఊపిరి పీల్చుకోవడం చేతకాని మనిషి ఎవరయ్యా అంటే అరబక్కే.

అక్క పుట్టింది కింద బకానోలో, జాలర్ల పేటలో. మా దగ్గర పుట్టిన వారాన్ని బట్టి పేరు, మంగళవారం పుట్టింది కనక అరబా అయింది. అరబా ఎగ్యిర్బా. ఐదుగురు అన్నదమ్ములు, అందరూ పడవల మీదే. పద్నాలుగో ఏట నాన్న పడవ రాళ్ళకి తగిలి ముక్కలైతే, ఆ ఏడు బడి మాన్పించి చేపలు పొగబెట్టే పొయ్యి ముందు కూర్చోబెట్టారు. ఒక్క ఏడాదే అన్నారు. ఆ ఒక్క ఏడాదీ ఇరవై తొమ్మిదేళ్ళయింది. నలభై మూడో ఏట, ఇద్దరు పిల్లలకీ పెళ్ళిళ్ళు చేసి, చేతులకి పొగ వాసన కడుక్కుని, శని ఆదివారాల్లో క్లాసులుండే డిగ్రీలో చేరింది. చదువంటే ఆకలి మామూలుగా లేదు. చేరిన మూడు నెలలకే కళ్ళు తిరిగి నా షాపు ముందు పడిపోయింది. నేను మొహం మీద నీళ్ళు కొట్టి, తల కింద పెట్టడానికి ఏదో చేతికందిన పుస్తకం పెట్టాను. లేచాక అది తీసి చూసింది. ఎవడో జిరాక్స్‌కిచ్చి మర్చిపోయింది. చదువుకునేవాళ్ళు ఆరోగ్యం కాపాడుకోవడం గురించి.

అదీ మొదలు. అలాంటివి నలభై చదివింది. ఆ తర్వాత బడ్డీ పెట్టింది. నలభైకి నలభై బట్టీ కూడా పట్టింది. తప్పంతా అక్కడే జరిగింది.

ఆ నలభై పుస్తకాల సారం పిండి, నాలుగు రంగుల్లో ఒక టైంటేబులు గీసి, బడ్డీ లోపల గోడకి అంటించింది. నిద్ర ఆకుపచ్చ, చదువు ఎరుపు, కొట్టు నీలం, బతుకు పసుపు. పసుపు గళ్ళల్లో ఏముందో చదివి నేను రెండ్రోజులు కోలుకోలేదు. "4:10 నుంచి 4:25 — నవ్వు." "శనివారం 5:30 నుంచి 5:50 — సముద్రం చూచుట." "ఆదివారం 2:00 — స్నేహితులు (ఇద్దరు)."

మెడలో తాడు కట్టి ఒక బుల్లి గడియారం వేసుకుంది. గడి మారినప్పుడల్లా అది కోడిపుంజులా కూస్తుంది. నాలుగూ పదికి కూత వినబడగానే నా కౌంటరు దగ్గరికొచ్చి మోచేతులానించేది.

"యూఫీ, పదిహేను నిమిషాలుంది. ఏదన్నా చెప్పు."

నేను చెప్పేవాణ్ణి. నాకా విషయంలో కరువు లేదు. నా షాపుకొచ్చే ప్రొఫెసర్లే చాలు. అక్క పొట్ట చేత్తో పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వేది. సరిగ్గా నాలుగూ పాతికకి మళ్ళీ కూసేది. నోరు టక్కున మూసుకునేది.

"మిగతాది రేపు చెప్పు," అని వెళ్ళిపోయేది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. సగం నవ్వు మింగేస్తే మనిషికి అజీర్తి చెయ్యదూ? "అక్కా, నువ్వు విశ్రాంతి తీసుకోవడం లేదు, విశ్రాంతి అనే ఉద్యోగం చేస్తున్నావు," అంటే, "నీకేం తెలుసురా బద్ధకిష్టీ," అనేది. నిజమే, నేను బద్ధకిష్టినే. కరెంటు పోయినప్పుడల్లా నాకు సెలవు. మా ఊళ్ళో కరెంటు నా మీద దయతోనే ఉంటుంది.

ఆ టైంటేబులులో మంగళవారం గడి మాత్రం, ఆ పదిహేను నిమిషాల నవ్వు తప్ప, పైనుంచి కిందిదాకా ఎరుపే; కొట్టు తెరిచినా లోపల కూర్చుని చదువే. ఎందుకంటే మంగళవారం మా తీరమంతా పడవ కదలదు. సముద్రానికి సెలవు. అన్నదమ్ములూ వదినెలూ అందరూ ఒడ్డునే ఉంటారు, పొయ్యిల దగ్గర సాయానికి ఎవరూ పిలవరు. ఇంక చదువుకి అంతకంటే మంచి రోజేముందని అక్క లెక్క. ఆ రోజు మగవాళ్ళు వలలు కుడుతుంటే ఆడవాళ్ళు చుట్టూ చేరి వండుకుంటారు, పాడుకుంటారు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు. వారం మొత్తానికి ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండేది ఆ ఒక్కరోజే.

అందుకని ప్రతి మంగళవారం అక్క వాళ్ళమ్మ ఎకువా బెన్యివా, నేను పెద్దమ్మా అని పిలిచే డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, నెత్తిన చిన్న గిన్నె పెట్టుకుని కొండెక్కి వచ్చేది. గిన్నెలో కెంకే, వేయించిన చేప, మిరపకాయ పచ్చడి. బడ్డీ ముందు దించి అడిగేది.

"ఇవాళైనా వస్తావా పిల్లా?"

"ఇవాళ చదువుందమ్మా."

"సరే."

నాకో ముక్క పెట్టి, గోడ మీది రంగుల కాగితం కాసేపు చూసి దిగి వెళ్ళిపోయేది. ఎనిమిదేళ్ళు. అన్ని మంగళవారాలూ అదే ప్రశ్న, అదే జవాబు, అదే "సరే". చేప ముక్క తినే ధ్యాసలో నేనెప్పుడూ ఆ "సరే" సరిగ్గా వినలేదు.

ఇక స్టాటిస్టిక్స్ సంగతి. డిగ్రీలో అన్నీ గట్టెక్కాయి, అదొక్కటీ ఉండిపోయింది. రెండుసార్లు తప్పింది. రాక కాదు. ప్రశ్నకి ఇన్ని నిమిషాలని ముందే గళ్ళు గీసుకుని వెళ్ళి, రాసిన దానికంటే గడియారం చూసిందే ఎక్కువ. మూడోసారి తప్పితే ఇంక లేదు. ఎనిమిదేళ్ళలో ముగించాలని రూలు, ఆ ఎనిమిదో ఏడు ఇదే. తప్పితే డిగ్రీ మొత్తం నీళ్ళపాలు. ఆ మాట తల్చుకున్నప్పుడల్లా అక్క మొహం పద్నాలుగేళ్ళ పిల్ల మొహంలా అయిపోయేది, బడి మాన్పించిన రోజుది.

పరీక్ష తేదీల కాగితం నా షాపుకే వచ్చింది, కాపీలు తియ్యడానికి. ఆ రోజూ మంగళవారమే, మధ్యాహ్నం పూట. చూడగానే ఉండబట్టలేక పరిగెత్తి చెప్పాను.

"అక్కా, నీ స్టాటిస్టిక్స్ వచ్చే మంగళవారమే! పొద్దున తొమ్మిదింటికి!"

పెద్దమ్మ అప్పుడే గిన్నె దించుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"మంగళవారమా?"

"అవును పెద్దమ్మా."

"మంగళవారం పుట్టిన పిల్ల, పడవ తిండి తిన్న పిల్ల, మంగళవారం పూట పనికి దిగుతుందా?" అని గొంతు పెంచింది. "ఐదుగురు తమ్ముళ్ళూ అన్నలూ సముద్రం మీదే బతుకుతున్నారు కదే! వాళ్ళకేమన్నా అయితే?"

"అమ్మా, పరీక్ష హాలు కొండమీదుంది. సముద్రానికేం పట్టింది?" అంది అక్క.

"అది ఎగ్యా అబాకా చెప్తాడు. సాయంత్రం పంచాయితీకి రా. నువ్వూ రారా యూఫీ, ఆ కాగితం పట్టుకుని!"

అంతే, గిన్నె కూడా మర్చిపోయి కొండ దిగిపోయింది. ఆ వయసులో ఆ వేగం నేనెరగను.

ఎగ్యా అబాకా మా జాలర్ల పెద్ద. పడవల తగువులన్నీ మంగళవారం సాయంత్రం కొబ్బరిచెట్ల కింద ఆయనే తీరుస్తాడు. మేం వెళ్ళేసరికి పేట పేటంతా మూగింది. ఆయన కర్ర పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర కొత్త స్నాప్స్ సారా సీసా, పెద్దమ్మ తెచ్చిందే. ఇసకలో నాలుగు చుక్కలు పోసి, పోయినవాళ్ళని తల్చుకుని, ఆయన మొదలుపెట్టాడు.

"పరీక్షంటే ఏం చేస్తారమ్మా, సరిగ్గా చెప్పు."

"ఒక హాల్లో కూర్చోబెడతారు పెద్దయ్యా. ప్రశ్నలేస్తారు. జవాబులు రాయాలి."

"జవాబులు ముందే తెలుసా?"

"కొన్ని తెలుసు. కొన్ని లోపలికెళ్ళాక దొరకాలి."

వెనకనుంచి ఎవడో అరిచాడు. "లోపలికెళ్ళాక దొరికితే దొరుకుతాయి, లేకపోతే లేదు. ఇది వేట కాకపోతే మరేంట్రా?"

ఇంక చూస్కోండి. వేటేనని సగం మంది, కాదని సగం మంది. హాల్లో నీళ్ళుంటాయా అని ఒకడు. తాగడానికుంటాయని నేను. ఆడవాళ్ళు నవ్వీ నవ్వీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. ఇంతలో నాలుగూ పదయింది. అక్క మెడలో కోడి కూసింది. పంచాయితీ అంతా అటు తిరిగింది.

"అదేంటమ్మా?" అన్నాడు ఎగ్యా అబాకా.

అక్క తలొంచుకుంది. "నవ్వే టైం పెద్దయ్యా."

ఆ నవ్వు బకానో నుంచి కోట దాకా వినబడి ఉంటుంది. అక్క ఒక్కతే నవ్వలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఈయన కాదంటే, పేటనీ తల్లినీ కాదని పరీక్షకెళ్ళాలి. ఔనంటే, తల్లి మాట పోతుంది. అది చూసి నాకు ఆగలేదు. నేనూ పుట్టింది ఇక్కడే కదా, నాకూ నోరుంది కదా అని ముందుకొచ్చాను.

"పెద్దయ్యా, ఒక్క మాట. అక్క ఈ పరీక్ష కొత్తగా రాయట్లేదు. రెండుసార్లు చిరిగింది. దాన్నే మళ్ళీ రాస్తోంది. ఇది వల వెయ్యడం కాదు. కుట్టడం."

ఎగ్యా అబాకా కర్రతో ఇసకలో ఏదో గీశాడు. పెద్దమ్మ వైపు ఒకసారి చూశాడు. పెద్దమ్మ ఎందుకో కొబ్బరిచెట్టు పైకి చూస్తోంది.

"కుట్టడం మంగళవారం పనే," అన్నాడాయన. "రాసుకో తల్లీ. కానీ కుడితే కుట్టే పద్ధతిలోనే కుట్టాలి. కుట్టబోయే వల ముందురోజు ఎండ నడినెత్తికొచ్చేసరికి ఇసక మీద పరిచెయ్యాలి. తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు. అంటే సోమవారం మధ్యాహ్నం నుంచి పుస్తకం ముట్టుకోకు, అమ్మ దగ్గరికొచ్చి ఉండు. రెండు, వల ఒంటరిగా ఎవరూ కుట్టరు. పేటంతా నీతో వస్తుంది. మూడు, కుట్టేచోట ఆ కోడి ఉండకూడదు. అమ్మకిచ్చెయ్యి."

అక్క గడియారం తీసి తల్లి చేతిలో పెట్టింది. పెద్దమ్మ దాన్ని నడుం గుడ్డ ముడిలో దోపేసుకుంది.

ఆ వారం అక్క పడ్డ అవస్థ చెప్పాలంటే ఇంకో పుస్తకం కావాలి. గడియారం లేకపోతే ఎప్పుడు నవ్వాలో తెలీక, పొద్దున్న ఏడింటికే వచ్చి నా కౌంటరు ముందు నిలబడేది. సోమవారం గండం ఎలా గడుస్తుందని ఒకటే గోల.

"ఆఖరి పూట చదవకపోతే ఎలారా? సూత్రాలు జారిపోతాయి. చిన్నగా ఒక కాపీ తియ్యి."

"తప్పక్కా. తీర్పు."

"అగ్గిపెట్టంత కాపీ రా. తియ్యకపోతే నీ ప్రొఫెసర్ల కథలు ప్రొఫెసర్లకే చెప్తా."

తీశాను. అగ్గిపెట్టంత కాగితం మీద స్టాటిస్టిక్స్ మొత్తం. సోమవారం మధ్యాహ్నం అక్క దాన్ని ఎక్కడ దాచిందనుకున్నారు? ఒక కెంకే విప్పి, అరిటాకు మడతలో పెట్టి, మళ్ళీ చుట్టేసింది. రాత్రి భోజనం నాది నేనే తెచ్చుకుంటానమ్మా అని బుట్టలో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకెళ్ళింది. డెబ్భై ఏళ్ళుగా కెంకే చుడుతున్న మనిషి ఇంట్లోకి, వేరే చేత్తో చుట్టిన కెంకే పట్టుకుని!

పెద్దమ్మ బుట్టలోంచి తీసి ఒక్కసారి అటూ ఇటూ తిప్పిందట.

"ఈ ముడి ఎవరేశారు? పురిటి గుడ్డలా ఉంది," అని విప్పింది. కాగితం కింద పడింది. పెద్దమ్మకి చదవడం రాదు. అయినా ఎత్తి దీక్షగా చూసి, "మీ యూనివర్సిటీలో కెంకేలో అక్షరాలు కూడా కలుపుతారా పిల్లా?" అని, పక్కనున్న మేకకి పెట్టేసింది. మేక నమిలి మింగేసింది. స్టాటిస్టిక్స్ అంత తేలిగ్గా అరిగించుకున్న ప్రాణి మా ఊళ్ళో ఇంకోటి లేదు.

ఇంక చేసేదేం లేక అక్క బయటికొచ్చింది. వదినెలు పట్టుకుని ఆంపే ఆడించారు. చిన్నపిల్లల ఆట, చప్పట్లు కొడుతూ ఎగిరి కాలు ముందుకేసేది. యాభయ్యొక్కేళ్ళ అక్క మొదట మొహమాటపడి, తర్వాత అందర్నీ ఓడించిందట. తిని, తల్లి పక్కన చాప మీద వాలింది. పెద్దమ్మ తల నిమురుతుంటే చీకటి పడకముందే నిద్రపోయింది. పదకొండు గంటలు. నలభై పుస్తకాలూ కలిపి ఎనిమిదేళ్ళలో ఇప్పించలేని నిద్ర.

మంగళవారం ఎనిమిదింటికి నా షాపు తెరుస్తూ ఏదో చప్పుడని తలెత్తాను. కొండెక్కి బకానో వస్తోంది. ముందు అక్క, పక్కన పెద్దమ్మ, వెనక అన్నదమ్ములు పొడుగాటి నీలం వలని భుజాల మీద మోస్తూ, ఆ వెనక ఆడవాళ్ళు గిన్నెలతో, చివర ఎగ్యా అబాకా కర్రతో. నేను షట్టరు మళ్ళీ దించేశాను. ఇలాంటిది చూడకపోతే బతుకెందుకు!

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "ఎక్కడికి?"

"పరీక్షకి," అంది పెద్దమ్మ.

"అందరూనా?"

"ఒకత్తే రాస్తుంది. మేం కుడతాం."

వాచ్‌మన్‌కి ఆ జవాబుకి తగ్గ రూలు దొరకలేదు. వదిలేశాడు.

హాలు బయట వేపచెట్టు కింద వల పరుచుకుని కూర్చున్నారు. తొమ్మిదికి గంట కొట్టారు. అక్క లోపలికెళ్ళింది. వీళ్ళు కుట్టడం మొదలెట్టారు, కుట్టడంతోపాటే పాట. మెల్లగానే, కానీ ముప్పై గొంతులు. పది నిమిషాలకి కళ్ళజోడు పెట్టుకున్న బక్కపల్చటి మాస్టారు ఒకాయన విసవిసా బయటికొచ్చాడు.

"ఇది పరీక్ష హాలు! నిశ్శబ్దం!"

పాట ఆగిపోయింది. ఆయన లోపలికెళ్ళాడు. ఐదు నిమిషాలు గడిచాయో లేదో మళ్ళీ వచ్చాడు. ఈసారి నడక నెమ్మదిగా ఉంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీరు ఆపాక లోపల ఎవరూ రాయట్లేదు. అందరూ కిటికీలోంచి మిమ్మల్నే చూస్తున్నారు. కొంచెం... ఇందాకటిలా పాడండి. మరీ గట్టిగా కాదు."

పన్నెండింటికి అక్క బయటికొచ్చింది. నేను పరిగెత్తాను. "ఎలా రాశావు?"

"ఆఖరి ప్రశ్న వదిలేశానురా," అంది. అని నవ్వింది. "టైం తెలీలేదు."

నేను తల పట్టుకున్నాను. అక్క మాత్రం తల్లి చేతిలో గిన్నె అందుకుని, వల పక్కన బాసింపట్టు వేసుక్కూర్చుని, చేప ముళ్ళు ఒక్కొక్కటే తీసుకుంటూ తింటోంది.

ఫలితాలకి ఆరు వారాలన్నారు. అక్క మళ్ళీ బడ్డీలో పడింది. మంగళవారాలు కూడా తెరిచే ఉంచింది. పాస్ కాకపోతే ఏం చెయ్యాలో అని ఏవేవో కాగితాలు రాసుకునేది. పెద్దమ్మ మామూలుగానే గిన్నె తెచ్చేది, మామూలుగానే అడిగేది.

నాలుగో వారంలో ఎగ్యా అబాకా నా షాపుకొచ్చాడు, పడవ లైసెన్సు కాపీ తీయించుకోడానికి. కాపీ తీస్తూ మర్యాదకని అన్నాను.

"మీ తీర్పు గొప్ప తీర్పు పెద్దయ్యా. మంగళవారం పరీక్ష రాయకూడదనే రూలు మా తరంలో ఎవరికీ తెలియనే తెలియదు."

"ఏ రూలు?" అన్నాడాయన.

"అదే. మంగళవారం పరీక్ష..."

"నీకు బుర్రుందా యూఫీ? మంగళవారం బకానో పిల్లలు బడికి పోవట్లేదా? నువ్వు పోలేదా? నువ్వూ ఆ అరబా ఇన్నేళ్ళుగా మంగళవారం కొట్లు తెరుస్తుంటే ఏ జాలరన్నా వచ్చి ఇదేంటని అడిగాడా?"

నిజమే! పేట పేటంతా గంటసేపు గొంతులు చించుకుంది, నేను లాయర్లా వాదించి గెలిచి కాలరెగరేశాను, ఈ చిన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు.

"మరి ఆ పంచాయితీ?"

ఆయన కాపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ మధ్యాహ్నం బెన్యివా సీసా పట్టుకుని వచ్చింది. ఎనిమిదేళ్ళయింది అబాకా, నా కూతురు ఒక్క మంగళవారం రాలేదు, నేనడిగితే టైం లేదంటుంది, నువ్వు చెప్తే కాదనలేదు, నేను పోయేలోపు ఒక్క పూట ఇప్పించు, అంది. ఇప్పించాను."

ఆయన వెళ్ళిపోయాడు. నేను చాలాసేపు ఏ కాపీ తియ్యలేదు. కరెంటుంది, అయినా తియ్యలేదు.

సాయంత్రం అలవాటుగా అక్క వచ్చి మోచేతులానించింది. "ఏదన్నా చెప్పు."

చెప్పేశాను. మొత్తం. మొదట బడికెళ్ళే పిల్లల సంగతి చెప్పగానే అక్క పగలబడి నవ్వింది. అయ్యో ఎంత వెర్రివాళ్ళంరా అని కౌంటరు మీద చరిచింది. తర్వాత సీసా సంగతి చెప్పాను. నవ్వు నవ్వుగానే ఉంది, కళ్ళు మాత్రం మారిపోయాయి. ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలీదు, నాకూ తెలీదు. నాలుగూ పాతికకి ఆపమనే కోడి అక్కడ లేదు. ఎంతసేపు నిలబడిందో మేం చూసుకోలేదు.

తర్వాత మంగళవారం పెద్దమ్మ గిన్నె నెత్తిన పెట్టుకుని బయల్దేరేసరికి, గుమ్మం ముందు అక్క నిలబడి ఉంది. బడ్డీ ఆ రోజు తెరవలేదు.

ఫలితాలు మరో మంగళవారం పొద్దున వచ్చాయి. కాగితం ప్రింటు తీసి, షాపు అలాగే వదిలేసి, బకానో దాకా పరిగెత్తాను. నా జన్మలో అంత దూరం పరుగు అదే మొదలు. అక్క ఇసక మీద కూర్చుని వల కుడుతోంది. పక్కన దెడే కూడా ఉంది, ఈ వారం ఆమెకి పుస్తకం ఇవ్వకుండా ఇక్కడికే రమ్మందట. ఇంత చేపని ముందు పెట్టుకుని ముళ్ళు తీసుకుంటోంది.

"అక్కా! వచ్చింది!"

"ఉండరా. ఈ వల కన్ను ముడేశాక చూస్తా," అంది అక్క, వల మీదనుంచి తలెత్తకుండా.

నిమిషానికో గడి గీసుకున్న మనిషి! పెద్దమ్మకి మాత్రం ఓపిక లేదు. "కన్నూ లేదు ముక్కూ లేదు! చెప్పరా వెధవా, కుట్టు నిలిచిందా లేదా?" అని కాగితం లాక్కుని తలకిందులుగా పట్టుకుంది.

"నిలిచింది పెద్దమ్మా. యాభై రెండు. పాస్."

పేటంతా లేచింది. ఎవరు ఎవర్ని ఎత్తుకున్నారో, వల ఎవరి కాళ్ళకి చుట్టుకుందో దేవుడికే తెలియాలి. ఆ గోలలో పెద్దమ్మ నడుం గుడ్డ ముడి విప్పి, బుల్లి గడియారం తీసి, అక్క ముందు చాపింది.

"ఇదిగో. నీ చదువు అయిపోయిందిగా. నీది నువ్వు తీసుకుపో."

అక్క దాన్నీ చూసింది, తల్లినీ చూసింది. నేను చెప్పిన సీసా సంగతి తనకి తెలుసని మాట కూడా అనలేదు. మళ్ళీ వల చేతిలోకి తీసుకుంది.

"నీ దగ్గరే ఉండనీ అమ్మా. వచ్చే మంగళవారం తీసుకుంటా."

అది పోయినేడాది మాట. గడియారం ఇంకా పెద్దమ్మ ముడిలోనే ఉంది. రోజూ నాలుగూ పదికి కూస్తుంది. దాన్ని ఆపడం ఎలాగో పెద్దమ్మకి తెలీదు, అక్క చెప్పదు.